చుక్క కుడివైపు తిరగడం నేర్చిన కల్లం

మొన్న ఆదివారం పొద్దున మా మనుమరాలిని తీసుకుని కోదాడ వెళ్లాను. తీసుకుని వెళ్లానంటే కారు నడిపింది మా కోడలే. నేను ముందు సీట్లో కూర్చుని, ఏడున్నరకు చేరవలసిన వాళ్లం ఎనిమిదికి ఎందుకు చేరబోతున్నామో సూర్యాపేట నుంచి దారి పొడవునా లెక్క చెబుతూ వచ్చాను. మా కోడలు మంచిది, అన్నీ వింటుంది, ఏదీ మార్చుకోదు. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్కన గుర్రపు స్వారీ నేర్పే మైదానం ఒకటి ఈ మధ్యే పెట్టారు. ఇసుక పోసి చదును చేసిన నేల, చుట్టూ తెల్లరంగు వేసిన కట్టె కంచె, మూలకు రేకుల షెడ్డులో నాలుగు గుర్రాలు. మా మనుమరాలు అక్కడ చేరి నెలన్నర అయింది. ఫోనులో ఎవరో అమ్మాయి గుర్రం మీద కంచెలు దూకడం చూసి, తనూ దూకుతానని పట్టుబట్టి చేరింది.

తీరా చూస్తే అక్కడ దూకడం లేదు. నడిపించడం, ఆపడం, మళ్లీ నడిపించడం, గుండ్రంగా తిప్పడం, ఆ గుండ్రాన్నే రెండోవైపు తిప్పడం, అంతే. నేర్పే అబ్బాయి ఆ ప్రాంతం వాడే, మర్యాదస్తుడు. "ఇంకో రెండు నెలలు ఇదేనండీ, నేల మీద పని కుదరకుండా కర్ర దూకిస్తే గుర్రం పిల్లని ఎటు పడేస్తుందో ఎవరికీ తెలీదు" అన్నాడు. మా మనుమరాలు మొహం ముడుచుకుని కంచె దగ్గరకు వచ్చి, "సూడు నానమ్మా, దూకుడు నేర్పుమంటే పొద్దంత సున్నాలు సుట్టిపిస్తున్నరు. సున్నాలు సుట్టుడు గూడ ఒక సదువేనా?" అంది.

చదువేనని నాకు తెలుసు. నా పదమూడో ఏట నేను చదివిన చదువు అది. తరువాత ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, నల్లబల్ల మీద వృత్తం గీసిన ప్రతిసారీ, దారం ఒక కొసను వేలితో నొక్కి పట్టి రెండో కొసకు సుద్దముక్క కట్టి తిప్పినప్పుడల్లా, నా ముక్కుకు సుద్ద వాసన కాక పేడతో అలికిన కల్లం వాసన, చెమటపట్టిన గుర్రం వాసన తగిలేవి.

మాది మిర్యాలగూడ పక్కన వేములపల్లి. మా బాపుకు జట్కా బండి ఉండేది. మిర్యాలగూడ స్టేషన్‌లో రైలు దిగినవాళ్లను చుట్టుపక్కల ఊళ్లకు చేర్చేవాడు. బండి లాగేది చుక్క అనే ఆడగుర్రం. ఒళ్లంతా గోధుమవన్నె, నుదుట అరచేతి మందాన తెల్లమచ్చ. దాన్ని కాలువకు తోలుకుపోయి నీళ్లు తాగించి, కడిగి, జీను లేని వీపు మీద ఎక్కి ఇంటికి రావడం నా పని. ఆడపిల్ల గుర్రమెక్కడమేమిటని ఊళ్లో అనుకున్నవాళ్లు ఉన్నారు కానీ, అన్నదమ్ములు లేని ఇంట్లో ఆ పని ఇంకెవరు చేస్తారని అమ్మ వాళ్లనే ఎదురడిగేది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో మా వైపు మనుషులకు కాళ్లు నేల మీద నిలవలేదు. జొన్నలు పండిన చెలకల్లో వరి వచ్చింది. వడ్లు వచ్చాయి కానీ వాటిని రాలగొట్టే ఎడ్లు అన్ని ఎక్కడివి? అప్పట్లో కోసిన వరిని కల్లంలో పరిచి, నడుమ పాతిన గుంజకు ఎడ్లను వరుసగా కట్టి చుట్టూ తిప్పి తొక్కించేవాళ్లం. దాన్ని బంతి అనేవాళ్లం. గుంజ దగ్గరి ఎద్దు మెల్లగా నడిస్తే చాలు, చివరిది మాత్రం పెద్ద పెద్ద అంగలు వేయాలి. ఆ చివరన చుక్కను కడితే పని తొందరగా తెములుతుందని మా బాపుకు తోచింది. నిజంగానే తెమిలింది. గుర్రంతో బంతి తిప్పిన మొదటివాడు అని ఊరంతా చెప్పుకుంటుంటే మీసం దువ్వుకున్నాడు కూడా. పక్కవాళ్లూ అడిగితే ఇచ్చాడు. అట్లా రెండు పంటకాలాలు చుక్క మా కల్లంలోనూ ఇతరుల కల్లాల్లోనూ తిరిగింది. బంతి ఎప్పుడూ ఎడమచేతి వైపే తిరుగుతుంది. అదేమీ శాస్త్రం కాదు, అలవాటు. ఎడ్లకు దానివల్ల నష్టం లేదు, వాటి మీద ఎవరూ కూర్చోరు కదా.

ఆ తరువాతి ఏడాది మా ఊరికి బస్సు వచ్చింది. బస్సు వచ్చిన రోజున దానికి కొబ్బరికాయ కొట్టిన వాళ్లలో మా బాపు కూడా ఉన్నాడు, నెల తిరిగేసరికి జట్కా ఎక్కేవాళ్లు లేరు. బండిని చూరు కింద నిలబెట్టి, చుక్కనైనా పెండ్లి ఊరేగింపులకు తిప్పుదామనుకున్నాడు. మొదటి పెండ్లి మిర్యాలగూడలో. పెండ్లికొడుకు ఎక్కాడు, డప్పులు మొదలయ్యాయి, నేరు దారిలో బాగానే నడిచింది. కుడివైపు సందులోకి తిరగాల్సిన చోట మాత్రం తల కుడికి తిప్పి, ఒళ్లు ఎడమకు నెట్టి, అడ్డంగా జరుగుతూ జరుగుతూ పోయి కూరగాయలమ్మే ఒక అవ్వ గంపల మధ్య నిలబడింది. పెండ్లికొడుకును ఎత్తి దించారు. ఆ అవ్వ తిట్టిన తిట్లు మా బాపు ఎన్నడూ ఇంట్లో చెప్పలేదు. అవి ఎంత పెద్దవో ఆయన అన్నం తినకుండా పడుకోవడం చూసి మాకు అర్థమైంది.

సూర్యాపేట అంగట్లో పశువుల బేరగాడు ఒకాయన చుక్కను అడిగాడు. ఇటుక బట్టీల బండ్లకు గుర్రాలు పంపేవాడు ఆయన. మాఘమాసం వెళ్లగానే తోలుకుపొమ్మని మా బాపు మాటిచ్చాడు. ఇటుక బట్టీ బండి కట్టిన గుర్రాన్ని నేను ఒకసారి చూశాను. మెడ మీద పుండు, ఈగలు. అంతకంటే రాయను.

మా మేనమామ పెద్దవూర నుంచి వచ్చింది ఆ రోజుల్లోనే. అమ్మకు తమ్ముడు. పడుచుతనంలో హైదరాబాదులో ఒక దొర పాగాలో, అంటే గుర్రాల లాయంలో పనిచేసి, మోకాలు మీద గుర్రం తన్నితే కీలు పట్టేసి ఊరికి తిరిగి వచ్చినవాడు. చుక్క సంగతి విని, దాని తాడు పట్టుకుని వాకిట్లో ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, మళ్లీ ఎడమకు తిప్పాడు.

"బావా, దీనికి పొగరు లేదు, ఏం లేదు. ఒక్క దిక్కు తిరుగుడే నేర్పినవ్. రెండో దిక్కు ఉన్నదని దీనికి తెల్వనే తెల్వదు."

"గుర్రానికి కుడి ఎడమలు గూడ నేర్పాల్నా? అట్లయితే బడి పెట్టు బామ్మర్దీ."

"పెడ్త. పంతులును నేను, ఎక్కేది నీ బిడ్డ. మాఘమాసం దాక నా మాట ఇను, కాకుంటే తోలిచ్చేయ్."

వానకాలం వడ్లు ఇంటికి చేరి కల్లం ఖాళీ అయింది. ఏ కల్లంలో చుక్క చెడిందో ఆ కల్లంలోనే దాన్ని బాగు చేద్దామన్నాడు మామ. మొదట్లో పరుగు లేదు, పందెం లేదు. నడవడం, ఆగడం. పగ్గాలు గుంజి ఆపితే మెచ్చేవాడు కాదు. నడుము నిటారుగా పెట్టి, ఊపిరి మెల్లగా వదిలి, వేళ్లు కొంచెం బిగిస్తే చాలనేవాడు, నాకు నమ్మకం కుదరలేదు. నాలుగో రోజు పొద్దున నేను ఊపిరి వదలగానే చుక్క నిలబడిపోయినప్పుడు ఒళ్లు జలదరించి, మళ్లీ నడిపించి మళ్లీ ఊపిరి వదిలి చూశాను, మళ్లీ నిలబడింది. ఇన్నేళ్లలో ఎన్నో నేర్చుకున్నాను గానీ అట్లాంటి సంతోషం మరి ఒకటి రెండుసార్లకు మించి కలగలేదు. ఆ తరువాత నడక నుంచి దుల్కి, అంటే ఎగిరెగిరి పడే చిన్నపరుగు, దుల్కి నుంచి మళ్లీ నడక. అది ఒకేసారి కూలబడినట్టు కాకుండా మెట్టు దిగినట్టు నడకలోకి దిగాలి. నేను దిద్దించుకుంటుంటే గోడ మీదుగా పక్కింటి పెద్దమ్మ, "ఏమే, ఇంత నేర్సి పెండ్లికి గుర్రం నువ్వే ఎక్కుతవా? పిలగాన్ని ఎనుక కూసోబెట్టుకుంటవా?" అని రోజూ అడిగేది.

గుండ్రం గీసింది నేనే. గుంజకు తాడు కట్టి, రెండో కొస పట్టుకుని తిరుగుతూ ముగ్గుపిండి వదిలాను. ముగ్గు నాకు చిన్నప్పటి నుంచీ వంకర పోయేది కాదు. గుర్రం ఆ గీత మీద నడవాలి. దిగిన తరువాత అడుగుల జాడ, ముగ్గుగీత, రెండూ పక్కపక్కన చూసుకుని ఎక్కడెక్కడ తప్పిందో మామకు నేనే చెప్పాలి. ఎడమవైపు తిరిగినప్పుడు జాడ గీతను పట్టుకుని పోయేది. కుడివైపు తిరిగినప్పుడు మాత్రం గడ్డివాము దగ్గర బయటికి ఉబ్బి, గుండ్రం కాస్తా గుడ్డు అయ్యేది. నేను కుడి పగ్గం లాగేదాన్ని. మెడ కుడికి వచ్చేది, కడుపు ఎడమకు పోయేది. "మెడ గుంజకే పిల్లా, మెడ వచ్చినంత మాత్రాన గుర్రం వస్తదా?" అని మామ అరిచేవాడు. కుడికి ఎక్కువ, ఎడమకు తక్కువ తిప్పాం. ఎనిమిది అంకెలాగ రెండు గుండ్రాలు కలిపి తిప్పాం. ఒళ్లు కొంచెం వదులైంది, నడక బాగుపడింది, డబ్బా మీద కర్రతో మామ దడదడ వాయించినా చెవులు కదిలించి ఊరుకునేది. ఆ గడ్డివాము దగ్గరి ఉబ్బు మాత్రం తగ్గలేదు. పుష్యం అయిపోవస్తోంది. మామ ముఖం చిన్నబోయింది. రెండేళ్ల అలవాటు రెండు నెలల్లో పోదేమో అని ఆయన అమ్మతో అంటుంటే విన్నాను. ఆ రాత్రి కాదు గానీ మర్నాడు పొద్దున గుర్రం మీదనే ఏడ్చాను. పైన కూర్చుని ఏడిస్తే కింద ఉన్నవాళ్లకు కనబడదనుకున్నాను.

అమ్మ అప్పుడు కల్లంలో నీళ్లు చల్లడానికి వచ్చి, బిందె దించి నిలబడింది. అమ్మ జన్మలో గుర్రమెక్కలేదు, జట్కా ఎక్కితేనే కడుపులో తిప్పేది. కాసేపు నన్ను చూసి ఫక్కున నవ్వింది.

"ఓసినీ, గుర్రమెక్కి గూడ బిందె ఎత్తుకున్నట్టే కూసుంటివేందే!"

మామ తిరిగి చూశాడు, నేను కిందికి చూసుకున్నాను. ఎనిమిదో ఏట నుంచి పొద్దునా సాయంత్రం నీళ్ల బిందె నా ఎడమ చంకలోనే ఉండేది. కుడిచేయి పనికి కావాలి కదా, ఆడపిల్లలమందరం అట్లాగే మోసేవాళ్లం. ఎడమ నడుము బయటికి పోయి, కుడిభుజం కిందికి ఒరిగి, చంకలో బిందె లేకపోయినా నా ఒళ్లు బిందెను మోస్తూనే ఉంది. గుర్రం మీద నా బరువంతా ఎడమ పిర్ర మీదే. కుడికి తిరగమని పగ్గంతో చెబుతూ, ఎడమకు రమ్మని ఒంటితో చెబుతున్నాను. పాపం చుక్క, రెండు మాటలూ వినడానికి చూస్తూ ఇన్ని రోజులూ గడ్డివాము మీదికి పోయింది.

"అక్కా, నువ్వు పాగాల ఉండాల్సినదానివి" అన్నాడు మామ. ఆనాటి నుంచి నేను బిందె కుడి చంకకు మార్చాను. మొదట్లో సగం నీళ్లు బాటలోనే ఒలికాయి. బావి దగ్గర ఆడవాళ్లు నవ్వారు. కుడి చంకలో బరువు ఎక్కడ ఆనాలో ఒంటికి తెలియలేదు, చుక్కకు కుడివైపు ఎట్లా ఉండిందో నాకు అప్పుడు తెలిసింది. గుర్రం మీద కాళ్లు పెట్టుకునే రికాబులు మామ నాకు తీసేశాడు, రెండు పిర్రలూ సమంగా ఆనిన దాకా నడక దాటనివ్వలేదు. మాఘం మొదట్లో ఒకనాడు పొద్దున, కుడివైపు గుండ్రం పూర్తిచేసి దిగి, జాడ చూశాను. గడ్డివాము దగ్గర ముగ్గుగీత కనబడలేదు. అడుగులన్నీ దాని మీదే పడి చెరిగిపోయింది.

సూర్యాపేటలో ఒక వ్యాపారస్తుల ఇంటి పెండ్లి కుదిర్చాడు మామ. సాయంత్రం ఎదురుకోళ్లకు పెండ్లికొడుకు విడిది నుంచి అమ్మాయి ఇంటిదాకా గుర్రం మీద వెళ్లాలి. మామ, బాపు ముందురోజే చుక్కను నడిపించుకుంటూ బయలుదేరారు, నేను, అమ్మ బస్సులో వెళ్లాం. పశువుల బేరగాడు కూడా వచ్చి ఒక అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి గుర్రం అడ్డం తిరిగితే అక్కడి నుంచే తోలుకుపోవాలని మాట. చేతిలో కొత్త తాడు పట్టుకునే వచ్చాడు. నేను ఆ తాడునే చూస్తున్నాను.

డప్పులు, సన్నాయి, కాగితప్పూలు. మామ తల దగ్గర తాడు పట్టుకుని కుంటుతూ నడుస్తున్నాడు. చుక్క నేరుగా, నిదానంగా, పెద్దమనిషిలాగ నడుస్తోంది. బట్టల దుకాణం దగ్గర కుడివైపు సందు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పెండ్లికొడుకు స్నేహితుడెవరో ఎడమ పక్కన నడుస్తూ ఏదో చెబితే, వినడానికి అతను ఎడమకు ఒరిగిపోయాడు. చుక్క చెవులు వెనక్కి వచ్చాయి, ఎడమకు ఒక అడుగు జరిగింది, ఇంకొక అడుగు జరిగింది. అటు డప్పులవాళ్లున్నారు. మామకు గుర్రం తల కనబడుతుంది కానీ పైన కూర్చున్నవాని నడుము కనబడదు. బాపు కండ్లు మూసుకున్నాడు. నేను ఉన్నచోటి నుంచి ఉరికి, ఆడవాళ్ల మధ్యలోంచి దూరి, గొంతెత్తి అరిచాను.

"ఓ బావా! కుడి పిర్ర మీద కూసో! కుడి పిర్ర!"

సన్నాయి ఆగింది. ఒక్క క్షణం తరువాత రెండు వైపుల ఆడవాళ్లూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వారు. "ఇప్పటి సంది గిట్లనే మాట వినాలె పిలగా!" అని ఎవరో పెద్దామె అంది. పెండ్లికొడుకు సిగ్గుతో బిగుసుకుపోయి, బిగుసుకుపోవడంలో నిటారుగా అయి, కుడికి జరిగాడు. చుక్క అతని కిందికి సర్దుకుంది. ముగ్గుగీత లేని ఆ సందులోకి ముగ్గు గీసినట్టే తిరిగింది.

బేరగాడు అరుగు దిగి వచ్చి, మరొక ధర చెబుతానని, బట్టీలకు కాదు పెండ్లిళ్లకేనని మా బాపుతో అన్నాడు. బాపు చుక్క మెడ మీద చేయి వేసి, "నన్నెందుకు అడుగుతున్నవ్? అదిగో, అరిసిన పిల్ల లేదా, దాన్నడుగు" అన్నాడు. బేరగాడు నన్ను అడగలేదు. తాడు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

చుక్క మా ఇంట్లోనే ముసలిదైంది. నా పెండ్లిలో మా ఆయన దాని మీదే వచ్చాడు. తలుపు సందులోంచి నేను మొదట చూసింది ఆయన మొహం కాదు, గుర్రం మీద ఏ పక్కకు ఒరిగాడో. ఈ సంగతి ఆయనకు చాలా ఏళ్ల తరువాత చెబితే, ఎట్లా కూర్చున్నానని అడిగాడు. ఫరవాలేదన్నాను. ఆ మాటతో ఆయన జీవితాంతం తృప్తిపడ్డాడు.

కోదాడలో ఆ ఆదివారం నేను కంచె పట్టుకుని మా మనుమరాలు తిప్పే సున్నాలను చూస్తూ నిలబడ్డాను. ఎడమకు బాగానే ఉన్నాయి. కుడికి షెడ్డు వైపు ఉబ్బుతున్నాయి. పిల్ల ఎడమ భుజం పైకి లేచి ఉంది. బడి సంచి పట్టీని ఎప్పుడూ ఆ భుజానికే వేలాడేస్తుంది, అది జారకుండా భుజం ఎత్తి పట్టడం అలవాటైంది. దిగిన తరువాత చెప్పాను. నేర్పే అబ్బాయి నవ్వి, "నేనూ చెప్తానే ఉన్నానమ్మా, నా మాట వినట్లేదు, మీరే చెప్పండి" అన్నాడు. పిల్ల మొదట మూతి తిప్పింది. తరువాత ఎందుకో మళ్లీ ఎక్కి, ఎవరూ చెప్పకుండానే, కుడివైపు ఇంకొక సున్నా చుట్టింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగి జాడ చూశాను. షెడ్డు దగ్గర కొంచెం ఉబ్బు ఉంది, కానీ మునుపటి దానికంటే లోపలే ఉంది. ఆ మాట చెబితే, "వచ్చే వారం ఇంకా లోపటికి తెస్త సూడు" అంది. దూకడం సంగతి ఎత్తలేదు.

తిరిగి వస్తుంటే రోడ్డు అంచున మైళ్ల పొడవున వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోత మిషన్ పొలంలోనే వడ్లు రాల్చి పోతుంది, వాటికి కల్లంతో పని లేదు. మా ఊళ్లో మేం తిరిగిన కల్లం స్థలంలో ఇప్పుడు ఎవరిదో ఇల్లు ఉంది. ఇన్ని ఊళ్లలో, ఇంత వరి పండే నేలలో, ఒక పిల్ల గుర్రాన్ని గుండ్రంగా తిప్పడానికి చదునైన జాగా కావాలంటే కోదాడ దాకా పోయి గంటల చొప్పున అద్దెకు తీసుకోవాలి. తీసుకుంటున్నందుకు నాకు బాధ లేదు, దొరుకుతున్నందుకు సంతోషమే. కంచె బాగా కట్టారు, గుర్రాల మెడల మీద పుండ్లు లేవు, అది నేను వెళ్లగానే చూసుకున్నాను.

ఇంటికి వచ్చాక నల్లా దగ్గర చిన్న స్టీలు బిందె పట్టి, వంటింట్లోకి తెచ్చాను. నాలుగు అడుగుల దూరం, చేత్తో పట్టుకున్నా సరిపోయేది. దించిన తరువాత చూసుకుంటే కుడి చంక తడిగా ఉంది. పక్కన నిలబడి, చూసి, నవ్వడానికి అమ్మ ఉంటే బాగుండేదనిపించింది.